రెప్ప ఆపరేషన్ తర్వాత గీత కనబడుతోంది: రెండు నెలలప్పుడు ఏం చేయాలి, ఏం చేయకూడదు

మీరు రాసింది ముందు క్లుప్తంగా చెప్పుకుందాం, ఇదే ఇబ్బందితో చదివేవాళ్లకి కూడా అర్థం కావాలి కదా. వయసు యాభై దాటింది. పై రెప్పల చర్మం జారి చూపుకి అడ్డం పడుతోందని తొమ్మిది వారాల కిందట రెండు కళ్లకీ ఆపరేషన్ చేయించుకున్నారు. బరువు తగ్గింది, చూపు తేలికైంది. కానీ రెప్ప మీద ఎర్రటి గీత ఉంది. కంటి చివర దాటాక అర అంగుళం మేర ఆ గీత గట్టిగా, కాస్త ఉబ్బెత్తుగా తగులుతోంది. గీత వెంబడి రెండు మూడు తెల్లటి గింజలు లేచాయి. స్టాఫ్‌రూమ్‌లో అందరూ "కళ్లకేమైందండీ?" అని అడుగుతున్నారు. మందుల షాపతను ఒక ట్యూబు ఇచ్చాడు, పది రోజులుగా రాస్తున్నారు. మీ ఆడపడుచు లేజర్ చేయించుకోమంటోంది. మూడు నెలల్లో అమ్మాయి పెళ్లి. ఈ గీత పోతుందా, ఆపరేషన్ చెడిందా, లేజర్‌కి వెళ్లనా అని అడిగారు.

నేను హైదరాబాద్‌లో కంటి డాక్టర్ని. చాలా ఏళ్లుగా రెప్పల పనే, అంటే ఆక్యులోప్లాస్టీ, చేస్తున్నాను. మీ కన్ను చూడకుండా మీ కన్ను గురించి తీర్పు చెప్పను. కానీ మీరు రాసిన వివరాలు చాలా స్పష్టంగా ఉన్నాయి కాబట్టి చెప్పదగ్గది చాలానే ఉంది.

అన్నిటికంటే ముందు ఆ ట్యూబు సంగతి. మీరు రాసిన పేరులో బెటామెథసోన్, నియోమైసిన్ రెండూ ఉన్నాయి. ఈ రోజు నుంచే ఆపేయండి. బెటామెథసోన్ స్టెరాయిడ్. రెప్ప చర్మం ఒంట్లోకెల్లా పలచనిది, మందం అర మిల్లీమీటరుకి అటూ ఇటూగా ఉంటుంది. అక్కడ స్టెరాయిడ్ వారాల తరబడి రాస్తే చర్మం ఇంకా పలచబడి, సన్నటి ఎర్ర నరాలు పైకి తేలతాయి. మీరు ఏ ఎరుపు పోవాలని రాస్తున్నారో అదే ఎరుపు ఇంకో రూపంలో స్థిరపడుతుంది. అంతకంటే పెద్ద సంగతి, రెప్ప మీద రాసింది కొంత కంట్లోకి చేరుతుంది, కంటి లోపలి ప్రెజర్ పెరగొచ్చు. కొందరిలో అది నీటికాసులకి, అంటే గ్లకోమాకి, దారి తీస్తుంది, ఎక్కువ కాలం వాడితే శుక్లం కూడా రావచ్చు. ప్రెజర్ పెరిగితే నొప్పి ఉండదు, కాబట్టి మనిషికి తెలియదు. రెప్పల దురదకని నెలల తరబడి ఇలాంటి క్రీమే రాసుకుని, చూపు పక్కల నుంచి కుంచించుకుపోయాక నా దగ్గరికొచ్చిన పేషెంట్లు ఉన్నారు. పోయిన ఆ చూపు తిరిగి రాలేదు. మీరు పది రోజులే వాడారు కాబట్టి భయపడొద్దు. ఈసారి చెకప్‌కి వెళ్లినప్పుడు ట్యూబు వెంట తీసుకెళ్లి చూపించి, కంటి ప్రెజర్ కూడా చూడమని అడగండి. ఇక నియోమైసిన్ అనే యాంటీబయాటిక్ కొందరికి పడదు, దద్దురు లేపుతుంది. ఈ రకం క్రీములు డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. అయినా ఏ వీధిలోనైనా అడిగితే ఇస్తారు, అది వేరే కథ.

ఇక గీత దగ్గరికొద్దాం. కోసిన చోట చర్మం అతుక్కోవడం ఒక్కరోజులో అయ్యే పని కాదు. మొదటి వారం వాపు, కమిలిన నీలం. ఆ తర్వాత అతుకు వేయడానికి శరీరం అక్కడికి కొత్త రక్తనాళాల్ని, కొలాజెన్ అనే పీచు పదార్థాన్ని తెచ్చి పోస్తుంది. కావలసినదానికంటే ఎక్కువే పోస్తుంది. అందుకే నాలుగో వారం నుంచి సుమారు పదో వారం దాకా మచ్చ బాగా ఎర్రగా, గట్టిగా, కొందరికి దురదగా ఉంటుంది. ఆపైన మెల్లగా ఆ అదనపు సరుకుని తీసేసి, మిగిలినదాన్ని సర్దుకుంటుంది. ఈ సర్దుబాటు ఆరు నెలలు, ఏడాది, కొందరిలో ఇంకా ఎక్కువే పడుతుంది. మీరు ఇప్పుడు సరిగ్గా ఆ గడ్డు దశలో ఉన్నారు. కుట్లు తీసిన వారానికి అద్దంలో బాగానే కనిపించి, నెల దాటాక "ఎందుకో పాడైపోతోంది" అనిపించడం దాదాపు అందరూ చెప్పేదే. చాలామంది ఆపరేషన్‌కి ముందు ఈ మాట విని ఉండరు, లేదా విన్నా ఆ హడావుడిలో చెవికెక్కదు. ఫలితం ఏమిటంటే రెండు నెలలప్పుడు కంగారు పడి ఏదో ఒకటి చేయించుకుంటారు. నా అనుభవంలో రెప్ప మచ్చలు చెడేది కత్తి వల్ల తక్కువ, ఈ కంగారులో చేసే పనుల వల్ల ఎక్కువ.

గీత ఎక్కడ ఉందన్నదాన్ని బట్టి దాని భవిష్యత్తు చాలావరకు చెప్పొచ్చు. పై రెప్ప ఆపరేషన్‌లో కోత రెప్ప మడతలోనే పెడతాం, ఆడవాళ్లలో వెంట్రుకల వరసకి సుమారు ఎనిమిది నుంచి పది మిల్లీమీటర్ల పైన. కన్ను తెరిస్తే మడతలోకి దాక్కుంటుంది, మూస్తేనే కనబడుతుంది. ఈ మధ్య భాగం చర్మం పలచన, కింద కొవ్వు పొర లేదు, లాగుడూ లేదు. ఏడాది తిరిగేసరికి ఇది ఎక్కడుందో వెతుక్కోవాల్సిందే. రెప్ప మీద అసలైన కెలాయిడ్, అంటే గాయం హద్దు దాటి గడ్డలా పెరిగే మచ్చ, రావడం అత్యంత అరుదు. ఛాతీ మీదో, భుజం మీదో, చెవి కుట్టించుకున్న చోటో కెలాయిడ్ లేచినవాళ్లకి కూడా రెప్ప మీద మామూలుగానే మానుతుంది. మీకు చెవి దగ్గర గడ్డ లేచిందని రాశారు కాబట్టి ఈ మాట ప్రత్యేకంగా చెబుతున్నాను.

కంటి చివర దాటిన ముక్క కథ వేరు. చర్మం బాగా జారినప్పుడు కోతని కంటి చివర నుంచి బయటికి, కొంచెం పైకి పొడిగించక తప్పదు, లేకపోతే పక్కన మడత మిగిలిపోతుంది. అక్కడికి వెళ్లేసరికి అది రెప్ప చర్మం కాదు, కణత చర్మం. మందంగా ఉంటుంది, నూనె గ్రంథులు ఎక్కువ, నవ్వినప్పుడల్లా కదులుతుంది. కాబట్టి అక్కడి గీత ఆలస్యంగా మెత్తబడుతుంది, ఎక్కువ కాలం ఎర్రగా ఉంటుంది. మీకు గట్టిగా తగులుతున్న అర అంగుళం ఇదే. ఆపరేషన్ చెడిందనడానికి అది గుర్తు కాదు. నవ్వితే వచ్చే గీతల వరసలోనే ఆ కోత పడి ఉంటే రోజులు గడిచేకొద్దీ వాటిలో కలిసిపోతుంది. అద్దం ముందు గట్టిగా నవ్వి చూడండి: మచ్చ ఆ ముడతలతో పాటు నడుస్తోందా, వాటిని అడ్డంగా కోస్తోందా? నడుస్తోంటే నిశ్చింతగా ఉండండి.

మూడోది ముక్కు వైపు మూల. కోతని ఆ మూలకి మరీ దగ్గరగా లాగితే అక్కడ చర్మం తీగలా బిగుసుకుని, తెరలా లేస్తుంది. మసాజ్‌తో కొంత సర్దుకుంటుంది, పూర్తిగా సర్దుకోకపోతే తర్వాత చిన్న ఆపరేషన్‌తో ఆ బిగువుని విడదీయొచ్చు. మీరు దాని గురించి ఏమీ రాయలేదు కాబట్టి మీకు లేదనుకుంటున్నాను.

తెల్లటి గింజల్ని మిలియా అంటాం. కోత పెట్టినప్పుడో, సూది దారం వెళ్లిన దారిలోనో పై చర్మం కణాలు లోపల చిక్కుకుని, అక్కడే తెల్లటి పదార్థాన్ని పోగు చేస్తాయి. చీము కాదు, ఇన్‌ఫెక్షన్ కాదు, పాలు విరిగినట్టు లోపల ఏదో చెడిపోయిందని అనుకోనక్కర్లేదు. కొన్ని వాటంతటవే పోతాయి. పోకపోతే డాక్టరు సన్నటి సూది మొనతో పైపొర గీరి, పక్కల నుంచి మెల్లగా నొక్కితే చిన్న ముత్యం బయటికొస్తుంది. మత్తు అక్కర్లేదు, కుట్టు అక్కర్లేదు, మరక మిగలదు. అదే ఇంట్లో గోరుతో గిల్లితే అక్కడ నల్లమచ్చ పడుతుంది, అది మిలియా కంటే మొండిది. గిల్లకండి. బ్యూటీ పార్లర్‌లో తీయించుకోకండి.

కుట్ల మాట వచ్చింది కాబట్టి ఒక్క సంగతి. రెప్ప కుట్లు మామూలుగా ఐదు నుంచి ఏడు రోజుల్లో తీసేయాలి. ఎక్కువ రోజులు ఉంచితే దారం చుట్టూ చర్మం గొట్టంలా పెరుగుతుంది, గీతకి అటూ ఇటూ చుక్కలు మిగులుతాయి. అమెరికా నుంచి సెలవుల్లో వచ్చి ఇక్కడ రెప్పల ఆపరేషన్ చేయించుకుని, కుట్లు తీసే రోజుకి విమానం టికెట్ ఉన్నవాళ్లు ఏటా కనబడతారు. అక్కడ అపాయింట్‌మెంట్ దొరికేసరికి మూడు వారాలు అవుతుంది. రావాలనుకుంటే ఆపరేషన్‌ని సెలవు మొదట్లో పెట్టుకోండి, చివర్లో కాదు.

గీత కంటే ముందు మీరు చూసుకోవాల్సింది ఇంకొకటి ఉంది, దాని గురించి ఎవరూ అడగరు. కన్ను పూర్తిగా మూసుకుంటోందా? రాత్రి మీరు నిద్రపోయాక ఇంట్లోవాళ్లని టార్చి వెలుగు నేరుగా కొట్టకుండా, పక్క నుంచి చూడమనండి. రెప్పల మధ్య సందులోంచి తెల్లగుడ్డు కనబడుతోందా? పొద్దున లేవగానే కన్ను ఇసక పోసినట్టు, ఎర్రగా ఉంటోందా? మొదటి కొన్ని వారాలు చిన్న సందు ఉండటం మామూలే. తొమ్మిది వారాల తర్వాత కూడా ఉంటే, చర్మం ఎక్కువ తీసి ఉండొచ్చు లేదా మచ్చ లోపల బిగుసుకుని ఉండొచ్చు. నల్లగుడ్డు ఆరిపోతే పుండు పడుతుంది, అది చూపుకే ముప్పు. అలా ఉంటే పగలు ఆర్టిఫిషియల్ టియర్స్ చుక్కలు, రాత్రి కంటి ఆయింట్‌మెంట్ మొదలుపెట్టించుకోవాలి, ఆ వారంలోనే డాక్టరుని కలవాలి. కింది రెప్ప ఆపరేషన్ అయినవాళ్లయితే రెప్ప అంచు గుడ్డుని వదిలి బయటికి తిరుగుతోందా, కింద తెల్లగుడ్డు ఎక్కువ కనబడుతోందా అని చూసుకోండి. ఏడాది ఆగాలన్న మాట గీతకే వర్తిస్తుంది, మూతపడని కంటికి వర్తించదు. గీత వెంట ఎరుపు హఠాత్తుగా పెరిగి, వేడిగా, నొప్పిగా, చీముతో ఉన్నా అంతే, ఆ రోజే వెళ్లాలి.

కన్ను బాగా మూసుకుంటోందనుకుందాం. ఇక చేయాల్సింది రోజువారీ పని, అందులో ప్రధానమైనది మసాజ్. గోళ్లు కత్తిరించుకుని, చేతులు సబ్బుతో కడుక్కుని, ఉంగరం వేలి మెత్తతో చేయండి. ఆ వేలికి బలం తక్కువ, అదే కావాలి. కంటి చివర గట్టిగా ఉన్న భాగం కింద ఎముక అంచు తగులుతుంది కదా, ఆ ఎముక మీదికి మచ్చని నొక్కి, ఎరుపు పోయి చర్మం తెల్లబడేంత ఒత్తిడితో చిన్న చిన్న గుండ్రాలు తిప్పండి. వేలు చర్మం మీద జారకూడదు, వేలితో పాటు చర్మమే కింది పొర మీద కదలాలి. రెండు మూడు నిమిషాలు, రోజుకి మూడు నాలుగు సార్లు. రెప్ప మధ్య భాగంలో మాత్రం ఇంత నొక్కకండి, అక్కడ కింద ఉన్నది కనుగుడ్డు. కన్ను మూసుకుని, గీత వెంబడి తేలికగా నిమిరితే చాలు. కింది రెప్పకైతే ఎప్పుడూ పైకి, బయటికి, కిందికి ఎన్నడూ లాగకూడదు. రెండు వారాలు చేసి తేడా లేదని మానేస్తారు చాలామంది. నెలన్నర చేస్తేనే వేలికి మెత్తదనం తెలుస్తుంది, కంటికి తెలియడానికి ఇంకా టైమ్ పడుతుంది.

రెండోది సిలికాన్ జెల్. మచ్చల మందుల్లో కాస్త నమ్మదగ్గ ఆధారం ఉన్నది దీనికే. కాలిన మచ్చల మీద 1980ల మొదట్లో వాడటం మొదలైంది, 2002లో వచ్చిన అంతర్జాతీయ సిఫార్సుల్లో కూడా మొదటి వరసలో దీన్నే పెట్టారు. ఇది చర్మంలోకి ఇంకి ఏదో చేసే మందు కాదు. పైన పొరలా ఆరి, తేమ ఎగిరిపోకుండా ఆపుతుంది, దాంతో కొలాజెన్ మితిమీరి పోగవడం తగ్గుతుంది. ఆవగింజంత తీసుకుని కంటి చివర ముక్కకి పలచగా పూసి, ఐదు నిమిషాలు ఆరనివ్వండి. రోజుకి రెండుసార్లు, కనీసం రెండు మూడు నెలలు. మందంగా పూస్తే ఆరదు, జిడ్డుగా ఉండి కంట్లోకి కారుతుంది. వెంట్రుకల వైపు రాయకండి. చాలా ఖరీదైన బ్రాండే కొనాలని లేదు, సిలికాన్ అని రాసి ఉండి, ఉల్లి రసం, సువాసన లాంటివి కలపనిది చాలు. ఉబ్బెత్తు ఎక్కువగా ఉంటే సిలికాన్ పట్టీని సన్నగా కత్తిరించి రాత్రిళ్లు కంటి చివర అతికించుకోవచ్చు. కదిలే రెప్ప మీద అది నిలవదు.

మూడోది ఎండ. మన రంగు చర్మానికి ఇది మసాజ్ కంటే ముఖ్యమేమో కూడా. తెల్లవాళ్లలో మచ్చ ఎరుపు నుంచి నేరుగా తెలుపుకి వెళ్తుంది. మనకి ఎరుపు తగ్గేటప్పుడు గోధుమ రంగు లేదా నలుపు దిగుతుంది, ఆ నలుపే ఏళ్ల తరబడి కనబడేది. స్కూలుకి ఎండలో నడిచి వెళ్తానని రాశారు. పెద్ద అద్దాల కూలింగ్ గ్లాసెస్, గొడుగు రెండూ వాడండి. సన్‌స్క్రీన్ జింక్ ఆక్సైడ్ లేదా టైటానియం డయాక్సైడ్ ఉన్న రకం అయితే కంటి దగ్గర మంట తక్కువ. ఎస్‌పీఎఫ్ 30కి తగ్గకుండా, వీలైతే లేత గోధుమ రంగు కలిపినది తీసుకోండి. ఆ రంగులోని ఐరన్ ఆక్సైడ్ మామూలు వెలుతురు వల్ల పడే నలుపుని కూడా కొంత ఆపుతుంది, పైగా గీతని కప్పుతుంది. సిలికాన్ ఆరాక దాని పైన రాయాలి.

ఇంటి వైద్యాల గురించి రాయకపోతే మీరెలాగూ ఎవరినో అడుగుతారు. పసుపు, నిమ్మరసం, టూత్‌పేస్టు, పచ్చి కలబంద కంటి దగ్గర వద్దు. నిమ్మరసం తర్వాత ఎండ తగిలితే బొబ్బలెక్కి నల్లగా మాడిన చర్మాన్ని చూశాను. కొబ్బరినూనె రెప్ప మధ్య భాగాన్ని నిమిరేటప్పుడు ఒక బొట్టు వాడితే తప్పులేదు, దాని వల్ల మచ్చ పోదు. విటమిన్ ఈ మాత్ర కోసి రాయమని సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఇంట్లో ఒకరు ఉంటారు. 1999లో అమెరికాలో అచ్చయిన ఒక చిన్న అధ్యయనంలో పదిహేను మందికి మచ్చలో సగానికి విటమిన్ ఈ, మిగతా సగానికి ఉత్త క్రీమ్ రాసి చూశారు. ఎక్కువమందికి లాభం లేదు, మూడోవంతు మందికి దద్దురు లేచింది. చిన్నదే, కానీ కంటి దగ్గర దద్దురు తెచ్చుకోకుండా ఉండటానికి ఆ మాత్రం చాలు. కుంకుమాది తైలం గురించి అడిగారు: మచ్చ మీద పని చేస్తుందని నేను చూడలేదు, కంట్లో పడితే మంట ఖాయం.

పథ్యం కూడా. పప్పు తింటే చీము పడుతుందని, గుడ్డు, వంకాయ, గోంగూర తింటే పుండు మానదని మీ అత్తగారు ఆపేశారట. పెద్దావిడ మాట కొట్టేయలేరు, తెలుసు. కానీ గాయం మానడానికి కావలసిందే మాంసకృత్తులు. పప్పు, గుడ్డు, పెరుగు, చేప మీకు పడేవేవైనా తినండి. "డాక్టరుగారు తినమన్నారు" అని నా మీద పెట్టండి. షుగర్ ఉంటే అదుపులో పెట్టుకోండి. మచ్చ మీద షుగర్‌కి ఉన్న ప్రభావం వంకాయకి లేదు.

ఇప్పుడు లేజర్. వద్దనడం లేదు, ఇప్పుడు వద్దంటున్నాను. ఎరుపుకి వాడే పల్స్‌డ్ డై లేజర్ రక్తనాళాల్లోని రంగుని గురి చూసి కొడుతుంది. మన చర్మంలో మెలనిన్ అనే రంగు పదార్థం ఎక్కువ కాబట్టి కొంత వేడిని అదీ పీల్చుకుంటుంది, నలుపు తేలే ప్రమాదం ఉంది. ఫ్రాక్షనల్ కార్బన్ డయాక్సైడ్ లేజర్ గరుకుని సమం చేస్తుంది కానీ నలుపు భయం దానికీ ఉంది. దానంతటదే పోయే ఎరుపు కోసం, పోవడానికి ఏడాది పట్టే నలుపుని పెళ్లికి ముందు కొనుక్కోవడం నాకు తెలివైన పని అనిపించదు. ఆరు నెలల తర్వాత కూడా కంటి చివర గరుకుగా ఉంటే అప్పుడు ఆలోచించొచ్చు. చేసేవారు చర్మ డాక్టరో, ఆక్యులోప్లాస్టీ డాక్టరో అయి ఉండాలి, మన రంగు చర్మం మీద చేసిన అనుభవం ఉండాలి. రెప్ప మీద చేసేటప్పుడు కంటి లోపల, రెప్ప కింద, లోహపు కవచం పెడతారా అని సూటిగా అడగండి. బయట కళ్లద్దాలు పెడతాం అంటే లేచి వచ్చేయండి.

ఇంజెక్షన్ మాట కూడా ఎవరో ఒకరు ఎత్తుతారు. గట్టిగా, ఉబ్బెత్తుగా ఉన్న ముక్కలోకి చాలా తక్కువ మోతాదులో ట్రయామ్సినోలోన్ అనే స్టెరాయిడ్ ఇవ్వడం నిజంగా ఉన్న వైద్యమే, నేనూ ఇస్తాను, మూడో నెల దాటాక కూడా మెత్తబడనివాళ్లకి. ఎక్కువైతే అక్కడ గుంట పడుతుంది, తెల్లమచ్చ పడుతుంది. అరుదుగానైనా, కంటి చుట్టూ ఇచ్చిన స్టెరాయిడ్ రేణువులు రక్తనాళంలోకి వెళ్లి రెటీనా ధమనిని మూసేసి చూపు పోయిన సందర్భాలు వైద్య సాహిత్యంలో ఉన్నాయి. అందుకే స్కిన్ క్లినిక్ అని బోర్డు పెట్టిన ప్రతి చోటా దీన్ని చేయించుకోకూడదు. కొందరికి ఫైవ్ ఫ్లోరోయురాసిల్ అనే మందు ఒంటరిగానో, కలిపో ఇస్తాం, గుంట పడే భయం దానితో తక్కువ.

మచ్చని కోసి మళ్లీ కుట్టడం ఆఖరి మెట్టు. ఆరు నెలల లోపు నేను ఆ మాటే ఎత్తను, ఏడాది ఆగితే ఇంకా మంచిది. ఎర్రగా ఉన్న మచ్చని మళ్లీ కోస్తే మళ్లీ మొదటి వారం నుంచి లెక్క మొదలవుతుంది, పైగా రెప్ప చర్మం మళ్లీ మళ్లీ తీయడానికి ఉండదు. ఏడాది ఆగినవాళ్లలో ఎక్కువమంది ఆ సంగతే మర్చిపోయి చెకప్‌కి కూడా రారు.

రెప్ప కాకుండా పక్క ఆపరేషన్లతో ఇదే ఇబ్బంది ఉన్నవాళ్లకి రెండు ముక్కలు. కన్నీటి సంచి ఆపరేషన్ బయటి నుంచి చేస్తే ముక్కు పక్కన గీత పడుతుంది. అక్కడ విల్లులా బిగువు వస్తే ఇదే మసాజ్, ఇదే సిలికాన్. అదే ఆపరేషన్ ముక్కు లోపలి నుంచి ఎండోస్కోప్‌తో చేస్తే బయట గీతే ఉండదు, ఇంకా చేయించుకోనివాళ్లు ముందే అడగండి. కింది రెప్ప సంచులకి కూడా రెప్ప లోపలి వైపు నుంచి చేసే పద్ధతి ఉంది.

మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు దగ్గరికే మళ్లీ వెళ్లండి. "ఎలా చేశారో చూడండి" అని వెళ్తే ఆయన సమర్థించుకునే పనిలో పడతారు. "కంటి చివర గట్టిగా ఉంది, ఈ గింజలు తీస్తారా, కన్ను పూర్తిగా మూసుకుంటోందా చూడండి, కంటి ప్రెజర్ చూడండి" అని ఈ నాలుగు అడగండి, నాలుగింటికీ జవాబు వస్తుంది. ఫోన్‌లో వారానికొకసారి ఒకే కిటికీ దగ్గర, ఒకే వేళకి, కన్ను తెరిచి ఒకటి, మూసి ఒకటి ఫొటో తీసి ఉంచుకోండి. రోజూ అద్దంలో చూసుకునేవాళ్లకి మార్పు కనబడదు. రెండో అభిప్రాయం కావాలంటే ఆక్యులోప్లాస్టీ విభాగం ఉన్న చోటికి వెళ్లండి. హైదరాబాద్‌లో ఎల్వీ ప్రసాద్ కంటి ఆసుపత్రి, మెహదీపట్నంలో ప్రభుత్వ సరోజినీ దేవి కంటి ఆసుపత్రి ఉన్నాయి, విశాఖలో, కర్నూలులో ప్రభుత్వ ప్రాంతీయ కంటి ఆసుపత్రులు ఉన్నాయి. ఆ విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉంటుందో కనుక్కుని వెళ్తే తిరుగుడు తప్పుతుంది.

ఇక పెళ్లి. అప్పటికి మీకు అయిదు నెలలు నిండుతాయి. ఎరుపు చాలావరకు తగ్గి ఉంటుంది, కంటి చివర కొంత మిగిలి ఉండొచ్చు. గింజలు తీయించుకోవడం లాంటివి ఈ నెలలోనే ముగించండి. పెళ్లికి ముందు నెలన్నరలో కంటి దగ్గర కొత్తగా ఏ ట్రీట్‌మెంటూ, ఏ కొత్త క్రీమూ వద్దు. ఫేషియల్ చేయించుకుంటే కళ్ల చుట్టూ బ్లీచ్, స్క్రబ్, ఆవిరి వద్దని ముందే చెప్పండి. కనుబొమ్మల థ్రెడింగ్ ఇప్పుడు చేయించుకోవచ్చు కానీ రెప్ప చర్మాన్ని కిందికి లాగి పట్టుకోనివ్వకండి, మచ్చకి ఆనుకుని దారం నడపనివ్వకండి. మేకప్‌లో ఎర్ర గీతకి ఆకుపచ్చ కరెక్టర్ రాయమని వీడియోల్లో చెబుతారు, మన రంగుకి అది బూడిద పూసినట్టు తేలుతుంది. గోధుమ రంగు దిగిన చోట పీచ్ లేదా నారింజ ఛాయ కరెక్టర్ వేలితో అద్ది, పైన మీ చర్మానికి సరిపోయే కన్సీలర్, ఆపైన కాస్త పౌడర్. మడతలో ముదురు గోధుమ ఐషాడో వేస్తే మధ్య గీత అసలు కనబడదు. రెప్ప లోపలి అంచుకి కాటుక వద్దు, ఆపరేషన్ తర్వాత చాలామందికి కొన్నాళ్లు కన్ను పొడిబారి ఉంటుంది. అతికించే రెప్ప వెంట్రుకలు పెడతామంటే వద్దనండి, వాటిని పీకేటప్పుడు రెప్ప మొత్తం లాగుతారు. వారం ముందు ఒకసారి ఆ మేకప్‌ని వేయించుకుని, రెండు మూడు గంటలు ఉంచుకుని చూడండి, దద్దురు లేస్తే అప్పుడే తెలుస్తుంది. తీసేటప్పుడు దూదిని మేకప్ రిమూవర్‌తో తడిపి, మూసిన కన్ను మీద అరనిమిషం ఆనించి, ముక్కు వైపు నుంచి బయటికి ఒక్కసారి తుడవండి. ముహూర్తం తెల్లవారుజామున అన్నారు కదా, ఆ రాత్రి ఎంత ఆలస్యమైనా మేకప్‌తో పడుకోకండి.